తొలకరికి ముందే పాత జీపుకి షాకబ్జర్లు

జూన్‌లో వానలు మొదలయ్యాక మారేడుమిల్లి ఘాటు ఎక్కాలన్నా, కటికి జలపాతం దారి పట్టాలన్నా ముందు జీపు కిందకి ఒకసారి దూరాల్సిందే. అరిగిన షాకబ్జర్లతో ఎండాకాలం ఎలాగో నెట్టుకొచ్చేస్తాం, పోతే నడుము పోతుంది. తడి రోడ్డు సంగతి వేరు. గుంతలో పడిలేచిన చక్రం వెంటనే నేలకి ఆనకుండా ఎగురుతుంటే, అప్పుడు బ్రేకు తొక్కినా పట్టు దొరకదు. మార్చేదేదో మే నెలలోనే మార్చేయండి.

అయితే బండి బరువు మోసేది షాకబ్జరు కాదు, పట్టీలు, అంటే ఇరుసుకి (యాక్సిల్‌కి) బిగించిన ఉక్కు రేకుల స్ప్రింగులు. పట్టీల ఊపుని ఆపడం వరకే దాని పని. జీపు ఒక పక్కకి ఒరిగినా, వెనక కూలబడినా కొత్త షాకబ్జర్లు వేసి లాభం లేదు. మా 96 మోడల్ మహీంద్రా కమాండర్ జీపుకి ముందు నుంచి టకటకమని శబ్దం వస్తుంటే నాలుగూ మార్పించాను. శబ్దం అలాగే ఉంది. తీరా చూస్తే అరిగింది షాకిల్ బుష్షు, అంటే పట్టీ కొసని ఛాసిస్‌కి (బండి చట్రానికి) కలిపే ఊగే లింకులోని చిన్న గొట్టం! వందల్లో పోయేదానికి వేలు వదిలించుకున్నాను. అందుకే ముందు బుష్షులు, పట్టీని యాక్సిల్‌కి బిగించే యూ బోల్టులు, పట్టీల్లో ఎక్కడైనా చీలిక ఉందేమో చూడండి.

కార్లకి చేసినట్టు మూలన నొక్కి వదిలే పరీక్ష జీపుకి అంతగా పనికిరాదు. పట్టీల మధ్య ఒరిపిడే ఊపుని సగం ఆపేస్తుంది. కింద నట్టు విప్పి షాకబ్జరుని చేత్తో లాగి, నొక్కి చూడండి. లాగేటప్పుడు బరువుగా, ఒకే తీరుగా రావాలి. మధ్యలో ఎక్కడైనా సర్రున జారిందంటే దాని పని అయిపోయినట్టే. పైన కొద్దిగా తడి అంటుకుని ఉంటే కంగారు పడక్కర్లేదు, నూనె ధార కట్టి దుమ్ము పేరుకుంటే మాత్రం మార్చాల్సిందే.

ఇక కొనడం. విజయవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో దుకాణంలో "కమాండర్‌కి ఇవ్వండి" అని అడిగితే ఏదో ఒకటి ఇస్తారు. పాత జీపుల్లో ఏ రెండూ ఒకలా ఉండవు. ఒకరు పట్టీ అదనంగా వేయించి ఉంటారు, ఒకరు షాకిల్ పొడుగు చేయించి ఉంటారు. కాబట్టి టేపు పట్టుకుని కొలవండి. జీపు చదును నేల మీద ఉండగా షాకబ్జరు పై పిన్ను నుంచి కింది పిన్ను దాకా ఎంతుందో చూడండి. 16 అంగుళాలు అనుకుందాం. యాక్సిల్ పైకి లేచి ఛాసిస్‌కి కొట్టుకోకుండా ఆపే బంపు స్టాపు రబ్బరుకీ యాక్సిల్‌కీ మధ్య ఖాళీ 3 అంగుళాలు ఉంటే, పూర్తిగా నొక్కిన షాకబ్జరు 13 కంటే తక్కువ ఉండాలి. రబ్బరు కూడా నలుగుతుంది కనుక 12 అయితే నిశ్చింత. తర్వాత ఛాసిస్‌కి జాకీ పెట్టి లేపి, కింద స్టాండు ఆనించి, చక్రం వేలాడుతుండగా మళ్ళీ కొలవండి. సాగిన షాకబ్జరు అంతకంటే కాస్త పొడుగే ఉండాలి. పొట్టిదైతే అదే తాడులా చక్రాన్ని పట్టుకు వేలాడి, చివరికి బ్రాకెట్టు పీకేస్తుంది. కంపెనీ పేరు కంటే ఈ రెండు కొలతలే నాకు ముఖ్యం.

గ్యాసు రకం కావాలా అంటే, మట్టిదారిలో గంటలకొద్దీ వేగంగా పోయేవాళ్ళకి కావాలి. ఎడతెగని గతుకుల్లో లోపలి నూనె నురగెక్కి పట్టు తగ్గుతుంది, గ్యాసు ఒత్తిడి ఆ నురగని అదుపులో ఉంచుతుంది. ఫస్టు, సెకండు గేర్లలో పాకే జీపుకి పేరున్న కంపెనీ మామూలు నూనె షాకబ్జరు చాలు. మిగిలిన డబ్బుతో కొత్త బుష్షులు వేయించుకోండి. రీకండిషన్ చేసినవి మాత్రం వద్దు. కోసి, నూనె పోసి, మళ్ళీ అతికి రంగు కొట్టినవి కొత్తవాటిలా మెరుస్తాయి. లోపలి వాల్వు పాతదే. ఒక్కటి పోయినా ఆ యాక్సిల్‌కి రెండూ మార్చాలి, లేకపోతే మలుపులో ఒక చక్రం ఒకలా, ఇంకోటి ఇంకోలా పట్టుకుంటుంది.

కొత్త నూనె షాకబ్జరు అట్టపెట్టెలో పడుకుని ఉంటుంది కాబట్టి లోపల గాలి చేరుతుంది. బిగించేముందు నిలబెట్టి అయిదారుసార్లు పూర్తిగా లాగి నొక్కండి. ఈ పని చేయకుండా కొత్తది ఖాళీగా ఆడుతోందని దుకాణదారుతో గొడవపడకండి. కొసన పిన్నుకి నట్టు బిగించే రకమైతే, రబ్బరు ఉబ్బి వాషరు అంచు దాకా వస్తే చాలు, చితికేదాకా బిగించక్కర్లేదు. నట్టుతో పాటు రాడ్డు తిరిగిపోతోందని మెకానిక్కు మెరిసే రాడ్డుని కటింగ్ ప్లేయరుతో పట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపండి. దాని మీద పడిన ఒక్క గీత సీలుని కోస్తుంది, మళ్ళీ నూనె కారడం మొదలు. మొదటి బురద ప్రయాణం అయ్యాక రాడ్డు మీది మట్టి కడిగి, నట్లన్నీ ఇంకోసారి బిగించండి.