చిటికి డిజైన్ కుంచెతో నేర్పించాలంటే

పోచంపల్లి, పుట్టపాక మగ్గాల మీద నేసే చిటికి (ఇకత్) డిజైన్లను గుడ్డ మీద రంగుతో వేయించేటప్పుడు చాలామంది ముందు బొమ్మ నేర్పుతారు. ముందు నేర్పాల్సింది అంచు. చిటికిలో నేయకముందే నూలును అక్కడక్కడ బిగించి కట్టి రంగులో ముంచుతారు; అలా ముంచితే కట్టు కిందికి రంగు కాస్త పాకుతుంది, నేసేటప్పుడు పోగులు వెంట్రుకవాసి జరుగుతాయి. అందుకే అంచు చెదిరినట్టుంటుంది. ఆ చెదురు పోగు వెంటే పోతుంది: పేకకు (అడ్డపోగుకు) కడితే అడ్డంగా, పడుగుకు (నిలువుపోగుకు) కడితే నిలువుగా, రెంటికీ కడితే రెండు దిక్కులా. అసలు చీర ముక్కను భూతద్దంతో చూపించి ఇది కనిపెట్టనివ్వండి.

పది మందికి 30 సెం.మీ. చదరపు తెల్ల పాప్లిన్ ముక్కలు 20 (మనిషికి సాధనకొకటి, అసలుకొకటి), ఎరుపు, నలుపు ఫాబ్రిక్ రంగులు, చదును కుంచెలు, గ్రాఫ్ కాగితం చాలు. తెల్ల రంగు కొనొద్దు. చిటికిలో తెలుపంటే కట్టు కింద రంగు అంటని నూలు; ఇక్కడా వదిలేసిన గుడ్డే తెలుపు. గుడ్డకున్న గంజిని సబ్బు నీళ్ళలో పూర్తిగా పోగొట్టి ఇస్త్రీ చేయాలి, లేకపోతే ఉతికినప్పుడు రంగు పెచ్చులుగా లేస్తుంది.

మొదటి గంట గ్రాఫ్‌కే. అరసెంటీమీటరు గడుల్లో 1, 3, 5, 7, 9, 11, 13, మళ్ళీ 11 నుంచి 1 దాకా వరుసలు నింపితే 6.5 సెం.మీ. వజ్రం వస్తుంది. నడుమ 1, 3, 5, 3, 1 గడులు తెల్లగా వదలాలి. గుడ్డ మీద గడులు గీసే ముందు ఒక పోగు లాగితే తిన్నని గీత దొరుకుతుంది. స్కేలుతో అంచనాగా గీస్తే బొమ్మ నేతకు వంకరగా పడుతుంది.

ఎరుపు ముందు, అది ఆరాక చుట్టూ నలుపు. గడి అంచుకు 2 మి.మీ. ఇవతలే ఆపి, కుంచెను కాగితానికి తుడిచి, తడి ఆరకముందే పోగు దిక్కున 2, 3 మి.మీ. బయటికి లాగాలి. రంగులో నీళ్ళు కలిపితే అడ్డం, నిలువు రెండు పోగుల్లోకీ పాకి మరకవుతుంది. టేపు అంటించి నున్నటి అంచు తెచ్చేవాళ్ళుంటారు, వద్దనండి. అప్పుడది చదరంగం బల్లలా తయారవుతుంది.

ఒక రోజంతా ఆరాక వెనక వైపు నుంచి ఆవిరి లేకుండా 3 నుంచి 5 నిమిషాలు ఇస్త్రీ చేయాలి. మూడు రోజుల దాకా ఉతకొద్దు.

అమ్మకానికి పెడితే ‘చేతి పెయింటింగ్’ అని చీటీ కట్టండి. పోచంపల్లి ఇకత్‌కు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు ఉంది, రంగేసిన గుడ్డకు ఆ పేరు పెట్టకూడదు. తేడా అడిగితే తిరగేసి చూపించండి: చిటికి నేతలో రంగు రెండు వైపులా ఒకేలా ఉంటుంది, కుంచె పనిలో వెనక పాలిపోయి ఉంటుంది.