ఆక్స్-లే-తెర్మ్ వేడినీటిలో కాళ్లు పెట్టే ముందు జాగ్రత్తలు

పిరనీస్ కొండల్లోని ఈ చిన్న ఫ్రెంచ్ ఊరి నడిబొడ్డున బాసెన్ దే లాద్ర్ అనే రాతి కొలను ఉంది. 13వ శతాబ్దంలో కుష్ఠురోగుల కోసం కట్టించారంటారు. ఇప్పుడు ఎవరైనా గట్టున కూర్చుని ఉచితంగా పాదాలు ముంచవచ్చు.

• వెండి పట్టీలు, మెట్టెలు ముందే తీసి సంచిలో వేసుకోండి. నీటిలో గంధకం ఉంది, వెండి నల్లబడుతుంది. తర్వాత చింతపండుతో తోముకునే ఓపిక ఉంటే మీ ఇష్టం.

• ఇక్కడి కొన్ని ఊటల వేడి 70 డిగ్రీలు దాటుతుంది. కొలనులో అంత ఉండదు, అయినా నీరు వచ్చి పడే చోటికి దూరంగా కూర్చోండి. మొదట వేలికొస, తర్వాతే పాదం. పిల్లల చేయి వదలొద్దు.

• మధుమేహంతో పాదాల్లో స్పర్శ తగ్గినవారు, గర్భిణులు, గుండెజబ్బు ఉన్నవారు ముందుగా వైద్యుణ్ని అడగాలి.

• పుండ్లు ఉంటే మానేయండి.

• తువ్వాలు వెంట తీసుకెళ్లండి. కుళ్లిన గుడ్డు వాసన వస్తే కంగారు పడకండి, అది గంధకం పనే!