బంట్ ఎలా చేయాలి? (వేళ్లు నలగకుండా)

బేస్‌బాల్‌లో హోమ్ రన్ కొట్టడం నేర్పమనేవాళ్లు బోలెడుమంది. బంట్ నేర్పమని మాత్రం ఎవరూ అడగరు. తీరా మ్యాచ్‌లో కోచ్ సైగ చేసేసరికి బ్యాట్ అడ్డదిడ్డంగా పెట్టి, బంతిని గాల్లోకి లేపి, చక్కగా క్యాచ్ ఇచ్చేసి వస్తారు. ఏళ్ల తరబడి ఇదే చూస్తున్నాను.

బంట్ అంటే బ్యాట్ ఊపకుండా బంతికి అడ్డం పెట్టి, అది ఇన్‌ఫీల్డ్‌లోనే, అంటే బేస్‌ల దగ్గరి మైదానంలోనే, నెమ్మదిగా దొర్లేలా చేయడం. ఫీల్డర్ పరుగెత్తుకొచ్చి తీసి ఫస్ట్ బేస్‌కి విసిరేలోపు, అప్పటికే బేస్ మీదున్న మన రన్నర్ ఒక బేస్ ముందుకెళ్తాడు. మీరు అవుటైనా సరే, అది శాక్రిఫైస్ (జట్టు కోసం చేసిన త్యాగం) కింద రాస్తారు కాబట్టి మీ బ్యాటింగ్ సగటు తగ్గదు.

సామాను గురించి చెప్పేదేం లేదు. మీకు సరిపోయే బ్యాట్, హెల్మెట్ చాలు. గ్లవ్స్ వేసుకుంటే వేసుకోండి, అవి వేళ్లను కాపాడతాయని మాత్రం నమ్మకండి.

బ్యాటర్ బాక్స్‌లో, అంటే బ్యాటర్ నిలబడే గీతల గడిలో, బాగా ముందుకు, బంతి విసిరే పిచర్ వైపు జరిగి నిలబడండి. బ్యాట్ ఎంత ముందుంటే బంతి ఫౌల్ గీత (మైదానం పక్క హద్దు) లోపల పడే చోటు అంత పెరుగుతుంది. కొందరు వెనక కాలు ముందుకు లాగి, పిచర్‌కి పూర్తిగా ఎదురు తిరిగి నిలబడతారు. నా దగ్గర అది కుదరదు. బంతి మీదికొస్తే తప్పుకోలేరు. పైగా పాదం మొత్తం బాక్స్ గీత బయట నేల మీద ఉండగా బంతి తగిలితే అవుట్. ఉన్నచోటే పాదాలు తిప్పి, నడుము, ఛాతీ పిచర్ వైపు తిప్పితే సరిపోతుంది. మోకాళ్లు కొంచెం వంచండి.

ఇప్పుడు అందరూ పాడుచేసే పని, పై చేతి సంగతి. దీన్ని రెండుసార్లు చదవండి.

కింది చెయ్యి పిడి దగ్గరే ఉంటుంది. పై చేతిని బ్యాట్ మీదుగా జార్చి, లావు భాగం మొదలయ్యే చోటికి తీసుకెళ్లండి. అక్కడ బ్యాట్‌ను గుప్పిట్లో పట్టుకోకూడదు. వేళ్లన్నీ వెనక్కి మడిచి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య బ్యాట్‌ను నిలపాలి. బంతి వచ్చే వైపు ఒక్క వేలు కూడా కనబడకూడదు. అమెరికా పెద్ద ప్రొఫెషనల్ లీగ్ అయిన మేజర్ లీగ్ బంతి 142 నుంచి 149 గ్రాముల బరువు, గంటకు 150 కిలోమీటర్ల వేగం దానికి మామూలే. ఆ బంతికీ బ్యాట్‌కీ మధ్య వేలు పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పిల్లల లీగుల్లో వేగం తక్కువే కదా అని వదిలేయకండి. అలవాటు అక్కడే పడుతుంది.

బ్యాట్ కొన ఎప్పుడూ పిడి కంటే ఎత్తులో ఉండాలి. కొన కిందికి వాలిందా, బంతి గాల్లోకి లేస్తుంది. స్ట్రైక్ జోన్ (బంతి కొట్టదగ్గ ఎత్తులో వచ్చినట్టు లెక్కించే చోటు) పై అంచున బ్యాట్ పెట్టి, దాని వెనకే కళ్లు ఉంచండి. బంతి అంతకంటే ఎత్తుగా వస్తే బ్యాట్ వెనక్కి లాగేయండి, అది స్ట్రైక్ కాదు, పిచర్ తప్పుగా విసిరిన ‘బాల్’ కింద లెక్క. కిందుగా వస్తే చేతులు దించకండి, మోకాళ్లు వంచి మనిషే కిందికి దిగాలి. పది బంట్లు చెడితే తొమ్మిది ఇక్కడే చెడతాయని నా లెక్క.

బంతి తగిలే క్షణంలో దాన్ని నెట్టకూడదు. మోచేతులు కాస్త వంచి, పట్టు సడలించి, బంతి ఊపును బ్యాట్‌తోనే మింగేయాలి. క్రికెట్‌లో స్పిన్నర్‌ని మెత్తటి చేతులతో డిఫెన్స్ ఆడినట్టే. అమెరికాలో మన తెలుగు ఇళ్ల పిల్లలకు ఈ ముక్క చెబితే నాన్నలకు ముందు అర్థమవుతుంది. కాకపోతే క్రికెట్ అలవాటుతో రెండు చేతులూ పిడి మీదే ఉంచేస్తారు, అది కుదరదు.

దిశ మార్చేది కింది చెయ్యి. కుడిచేతి బ్యాటర్ పిడిని ఒంటి వైపు లాగితే బంతి థర్డ్ బేస్ వైపు, బయటికి నెడితే ఫస్ట్ బేస్ వైపు వెళ్తుంది. రన్నర్ ఫస్ట్‌లో ఒక్కడే ఉంటే ఫస్ట్ బేస్ వైపు వేయండి, రన్నర్‌ని కాచుకోవాలి కాబట్టి అక్కడి ఫీల్డర్ ముందుగా కదల్లేడు. ఫస్ట్, సెకండ్ రెండింటిలోనూ ఉంటే థర్డ్ బేస్ ఫీల్డరే బేస్ వదిలి వచ్చి బంతి తీసేలా వేయాలి.

ఎప్పుడు చేయాలన్నది కోచ్ తలనొప్పి. సున్నా అవుట్లతో రన్నర్ ఫస్ట్‌లో ఉన్నప్పుడు వచ్చే సగటు పరుగులు, ఒక అవుట్‌తో సెకండ్‌లో ఉన్నప్పటి కంటే ఎక్కువ. ఈ లెక్క వల్లే మేజర్ లీగ్ జట్లు బంట్‌కి దూరమయ్యాయి. మేజర్ లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటైన నేషనల్ లీగ్‌లోనూ 2022 నుంచి పిచర్లు బ్యాట్ పట్టడం మానేశాక మరీ తగ్గింది. జపాన్ దారి వేరు. యోమియురి జెయింట్స్ ఆటగాడు మసహిరో కవాయ్ 533 శాక్రిఫైస్‌లు చేశాడు. అమెరికా రికార్డు ఎడ్డీ కాలిన్స్‌ది, 512. నేను జపాన్ పక్షమే. ఒక్క పరుగు చాలనుకునే చివరి ఇన్నింగ్స్‌లో సగటుతో పనేముంది? సెకండ్‌లో ఉన్నవాడు ఒక అవుట్‌కి థర్డ్ చేరితే, లోతుగా వెళ్లిన బంతిని ఫీల్డర్ క్యాచ్ పట్టినా, ఆ వెంటనే పరుగెత్తి ఇంటికి చేరొచ్చు, పరుగు వచ్చేస్తుంది.

రెండు స్ట్రైకులు పడ్డాక బంట్ మానేయండి. ఆ తర్వాత బంట్ ఫౌల్ పోతే, అంటే గీత బయటికి వెళ్తే, మూడో స్ట్రైకు కింద నేరుగా అవుట్ (స్ట్రైకౌట్).