అక్యూట్ మెడికల్ వార్డులో కొత్తగా చేరిన స్టాఫ్ నర్సులకు

మూడేళ్ల జీఎన్‌ఎం (జనరల్ నర్సింగ్, మిడ్‌వైఫరీ డిప్లొమా) లేదా నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసి, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకొని, పెద్దల అక్యూట్ మెడికల్ వార్డులో చేరినవారికి మొదటి వారంలోనే ఒక సంగతి తెలిసివస్తుంది. ఇక్కడి రోగి పొద్దున ఉన్నట్టు మధ్యాహ్నం ఉండడు. డెంగీ, న్యుమోనియా, పాముకాటు, పురుగుమందు తాగిన కేసు, అదుపు తప్పిన షుగరు, గుండె బలహీనపడి ఆయాసంతో వచ్చిన పెద్దాయన, ఇలా ఒకే వరుసలో ఆరు మంచాల మీద ఆరు రకాల ప్రమాదాలు ఉంటాయి. డాక్టరు రౌండ్‌కు వచ్చి ఒక్కో మంచం దగ్గర కొద్ది నిమిషాలు నిలబడతారు. మిగిలిన గంటలన్నీ అక్కడ ఉండేది నర్సే. అందుచేత రోగి దిగజారుతున్నాడని అందరికంటే ముందు పసిగట్టడం, పసిగట్టిన వెంటనే చెప్పవలసినవారికి చెప్పడం ఈ వార్డులో మన పనికి ప్రాణం వంటివని నేను నమ్ముతాను. తక్కిన నైపుణ్యాలన్నీ వీటి తరువాతే వస్తాయి.

డ్యూటీ అప్పగింతను నర్సుల బల్ల దగ్గర కూర్చొని కాక, కేస్ షీట్ చేతపట్టుకొని మంచం మంచం దగ్గరా తీసుకోవాలి. రోగి పేరు, ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు సరిచూసుకున్నాక సిరలో పెట్టిన సన్నని గొట్టం, అంటే క్యాన్యులా చుట్టూ వాపు గానీ ఎరుపు గానీ ఉన్నదేమో, సెలైన్ ఎంత మిగిలిందో, యూరిన్ బ్యాగులో ఎంత ఉందో, ఆక్సిజన్ ఎన్ని లీటర్ల మీద నడుస్తోందో మీ కళ్లతో మీరే చూడాలి. సిలిండరు మీద ఉన్న రోగి అయితే గేజ్ చూడకుండా ముందుకు కదలకూడదు. చివరగా, వెళ్లిపోయే సిస్టర్‌ను "అక్కా, ఈ రాత్రి మీకు ఎవరి గురించి భయంగా ఉంది?" అని అడగండి. రిజిస్టరులో ఎక్కని సమాచారం చాలాసార్లు ఆ ఒక్క ప్రశ్నకు జవాబుగా బయటికి వస్తుంది. తరువాత క్రాష్ కార్ట్ (అత్యవసర మందులు, పరికరాల బండి) తెరిచి, గొంతులోకి చూసే లారింగోస్కోప్ బల్బు వెలుగుతోందా, సక్షన్ లాగుతోందా, అడ్రినలిన్ ఆంపూల్స్ ఉన్నాయా అని చూసుకోవాలి.

ఇక శ్వాస లెక్కించడం గురించి కొంచెం విపులంగా చెప్పాలి, ఎందుకంటే వార్డులో అన్నిటికంటే ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేది ఇదే. చాలా టీపీఆర్ (ఉష్ణోగ్రత, నాడి, శ్వాస) చార్టుల్లో వరుసగా అందరికీ శ్వాస 20 అనే రాసి ఉంటుంది. నిజంగా లెక్కపెట్టి ఉంటే అంతమందికి ఒకే అంకె రాదు. నాడి చూస్తున్నట్టుగా మణికట్టు పట్టుకొని, చూపు మాత్రం ఛాతీ మీదో కడుపు మీదో నిలిపి, పూర్తి 60 సెకన్లు లెక్కపెట్టాలి; తన ఊపిరిని గమనిస్తున్నారని తెలిస్తే రోగికి తెలియకుండానే లయ మారిపోతుంది. పెద్దవారిలో నిమిషానికి 12 నుంచి 20 వరకు మామూలు. లోపల ఇన్‌ఫెక్షన్ గానీ షాక్ (అవయవాలకు రక్తం చాలినంత అందని స్థితి) గానీ ముదురుతున్నప్పుడు రక్తనాళాలు బిగుసుకొని కొంతసేపు బీపీని నిలబెడతాయి కాబట్టి బీపీ ఆలస్యంగా పడిపోతుంది, కానీ శ్వాస తరచుగా ముందే పెరుగుతుంది.

లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి 2017లో సవరించిన న్యూస్ (నేషనల్ ఎర్లీ వార్నింగ్ స్కోర్) అనే స్కోరు ఈ పరిశీలననే అంకెల్లో పెట్టింది. శ్వాస, ఆక్సిజన్ శాతం, ఆక్సిజన్ పెట్టామా లేదా, పై బీపీ, నాడి, స్పృహ, ఉష్ణోగ్రత అనే ఏడింటికి మార్కులు వేస్తారు. శ్వాస 25 లేదా అంతకు మించితే ఆ ఒక్కదానికే 3 మార్కులు పడతాయి. ఏ ఒక్కదానికైనా 3 వచ్చినా, మొత్తం 5 చేరినా డాక్టరు త్వరగా వచ్చి చూడాలి. 7 చేరితే అది ఎమర్జెన్సీ. మీ ఆసుపత్రిలో ఈ చార్టు వాడకపోయినా నేర్చుకోండి. "కొంచెం ఆయాసంగా ఉన్నారు సార్" అనే మాటకు లేని బరువు "స్కోరు 7 సార్" అనే మాటకు ఉంటుంది.

అంకెలు రాస్తూనే వాటిని చదవకపోతే ఏమవుతుందో నా అనుభవం చెబుతాను. ఒక రాత్రి డ్యూటీలో డెంగీ ఐదో రోజున ఉన్న యువకుడికి జ్వరం దిగింది. కడుపునొప్పి అంటున్నాడని తల్లి చెప్పింది. బీపీ 100/84 వచ్చింది. పై అంకె 100 ఉంది కదా అనుకొని రాసేసి పక్క మంచానికి వెళ్లాను. పావుగంటకు ఆ తల్లి వచ్చి, "అమ్మా, వాడి చేతులు మంచుముద్దల్లా ఉన్నాయి, ఒక్కసారి రా" అన్నది. వెళ్లి గోరు నొక్కి వదిలితే, 2 సెకన్లలో తిరిగి రావలసిన ఎరుపు నాలుగు సెకన్లయినా రాలేదు. నాడి 118. ఆరు గంటలుగా మూత్రం లేదు. రెండు బీపీ అంకెల మధ్య తేడా 16 మాత్రమేనని అప్పుడు చూశాను. డెంగీలో ఆ తేడా 20కి దిగిందంటే రోగి షాక్‌లో ఉన్నాడని అర్థం. డెంగీలో అసలు ప్రమాదం జ్వరం దిగే సమయంలోనే మొదలవుతుందని చదువుకొని కూడా, జ్వరం దిగిందన్న ఊరటలో నేను ఆ మాట మరిచిపోయాను. వెంటనే ద్రవాలు ఎక్కించడంతో ఆ అబ్బాయి కోలుకున్నాడు. ఆ పావుగంట నాకు ఇప్పటికీ గుర్తుంది.

డ్యూటీ డాక్టరుకు ఫోను చేసేటప్పుడు మాట వరుసలో ఉండాలి. ఆ రాత్రి నేను చెప్పవలసింది ఇది: "సార్, మెడికల్ వార్డు నుంచి స్టాఫ్ నర్సును. 14వ మంచం, డెంగీ ఐదో రోజు, ఈ సాయంత్రం జ్వరం దిగింది. బీపీ 100/84, నాడి 118, చేతులు చల్లగా ఉన్నాయి, ఆరు గంటలుగా మూత్రం లేదు. షాక్‌లోకి వెళ్తున్నాడని నా అనుమానం. మీరు ఇప్పుడే రావాలి. ఈలోగా హెమటోక్రిట్‌కు రక్తం పంపమంటారా?" (హెమటోక్రిట్ అంటే రక్తంలో ఎర్రకణాల శాతం చూసే పరీక్ష.) ముందు విషయం, ఆపై నేపథ్యం, ఆపై మీ అంచనా, చివర మీరు కోరేది. ఫోనులో ఇచ్చిన ఆర్డరును తిరిగి చదివి వినిపించి, సమయంతో సహా రాసి, డాక్టరు వచ్చాక సంతకం తీసుకోవాలి. ఎవరూ రాకపోతే సీనియర్ పీజీ డాక్టరుకు, ఇన్‌చార్జ్ సిస్టర్‌కు చెప్పాలి. కోప్పడతారేమోనన్న సంకోచం కొత్తవారిలో సహజమే. అయినా ఫోను చేయండి.

పురుగుమందు కేసులు మన జిల్లాల వార్డుల్లో ఎప్పుడూ ఉంటాయి. విరుగుడు మందు అట్రోపిన్ నడుస్తున్నప్పుడు ఊపిరితిత్తుల్లో గురగుర తగ్గిందా, చంకలు పొడిబారాయా, నాడి 80 దాటిందా అని చూస్తుండాలి. జ్వరం, కలవరింతలు, మూత్రం బిగుసుకుపోవడం కనిపిస్తే మందు ఎక్కువైందేమోనని డాక్టరుకు చెప్పాలి. రోగి తేరుకున్నాడనుకున్న రెండో, మూడో రోజున ప్రతి రౌండ్‌లోనూ "తల దిండు మీది నుంచి పైకెత్తండి" అని అడగండి. ఎత్తలేకపోతే మెడ కండరాలు సడలుతున్నాయన్నమాట. ఆ వెనుకనే శ్వాస కండరాలూ సడలవచ్చు.

మందుల విషయంలో రెండింటి దగ్గర తప్పకుండా ఆగాలి. ఇన్సులిన్ మన దగ్గర మి.లీ.కు 40 యూనిట్లదీ, 100 యూనిట్లదీ దొరుకుతుంది. 40కి ఎర్ర మూత సిరంజి, 100కు నారింజ మూత సిరంజి. 100 యూనిట్ల వయల్ నుంచి ఎర్ర మూత సిరంజితో 20 గీత వరకు లాగితే రోగి శరీరంలోకి వెళ్లేది 50 యూనిట్లు. వయల్ మీది అంకె, సిరంజి మీది అంకె ఒకటేనని మరొక నర్సుకు చూపించాకే ఇవ్వండి. రెండోది పొటాషియం క్లోరైడ్. దాన్ని ఎన్నడూ నేరుగా సిరలోకి ఎక్కించకూడదు, గుండె ఆగిపోతుంది. సెలైన్‌లో కలిపాక సీసాను చాలాసార్లు తలకిందులు చేసి కలపాలి. వేలాడుతున్న సీసాలోనే పొడిస్తే మందు అడుగున చేరి మొదట అదే దిగుతుంది.

సూది గుచ్చుకుంటే నొక్కకుండా, నోట పెట్టకుండా సబ్బునీళ్లతో కడిగి వెంటనే రిపోర్టు చేయండి. హెచ్‌ఐవీ నివారణ మందు అవసరమైతే రెండు గంటల్లో మొదలుపెట్టడం మేలు, 72 గంటలు దాటకూడదు.

రోగి బంధువుల మాటను తోసిపుచ్చవద్దు. తెలంగాణ పల్లెనుంచి వచ్చినవారు ఆయాసాన్ని "దమ్ము" అంటారు, స్పృహ లేకపోతే "సోయి లేదు" అంటారు. వేరే ప్రాంతం నుంచి వచ్చిన నర్సులు ఈ మాటలు ముందుగానే నేర్చుకోవాలి. "మనిషి మనిషిలా లేడమ్మా" అని ఎవరైనా అంటే చేతిలో పని ఆపి వెళ్లి చూడండి. ఏళ్లుగా అతనితో ఉన్నవారికి కనిపించే తేడా పూట క్రితం చూసిన మనకు కనిపించదు.

రాతలో "పరిస్థితి ఫరవాలేదు" అని కాక "4 గంటలకు చూస్తే గత గంటలో మూత్రం 20 మి.లీ., డాక్టరుకు తెలిపాను" అని రాయండి. 60 కిలోల మనిషికి గంటకు కనీసం 30 మి.లీ. రావాలి కనుక, ఆ అంకె చూసిన తరువాతి నర్సుకు ఏం చేయాలో తెలుస్తుంది. డ్యూటీ దిగే ముందు, ఆ రాత్రంతా మిమ్మల్ని కలవరపెట్టిన రోగి దగ్గరకు మరొక్కసారి వెళ్లి ఒక నిమిషం శ్వాస లెక్కపెట్టి, అప్పగింతలో ఆ మంచం నుంచే మొదలుపెట్టండి.