విండోస్ 7లో అప్‌డేట్ ఎక్కడం లేదా? ఫార్మాట్ కొట్టే ముందు ఇవి చూడండి

చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల కాటా గదుల్లో, తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గరి జిరాక్స్ షాపుల్లో ఇంకా విండోస్ 7 మెషిన్లు పనిచేస్తూనే ఉన్నాయి. కాటా ఇండికేటర్ సీరియల్ పోర్టుతోనే మాట్లాడుతుంది. దాని సాఫ్ట్‌వేర్ సీడీ ఎప్పుడో పోయింది. అందుకే మెషిన్ మార్చరు, అందులో తప్పేమీ లేదు. తప్పల్లా దానికి రావాల్సిన ప్యాచ్‌లు, అంటే లోపాలు మూసే అప్‌డేట్లు కూడా ఎక్కించకుండా వదిలేయడమే.

విండోస్ 7కు ఉచిత అప్‌డేట్లు 2020 జనవరి 14 దాకా వచ్చాయి. చాలా మెషిన్లు అక్కడిదాకా కూడా రాలేదు, 2016 దగ్గరో 2018 దగ్గరో ఆగిపోయాయి. ఇది చిన్న విషయం కాదు. 2017 మే నెలలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ చిత్తూరు జిల్లా పోలీసు కంప్యూటర్లకు కూడా తగిలింది. దాన్ని ఆపే ప్యాచ్ అంతకు రెండు నెలల ముందే, మార్చి 14న వచ్చేసింది.

ముందు తేదీ చూడండి

లక్షణం: అప్‌డేట్‌లో 80072ఎఫ్8ఎఫ్ అని ఎర్రర్. బ్రౌజర్‌లో ఏ సైటు తెరిచినా సర్టిఫికెట్ సరిగా లేదని హెచ్చరిక.

కింద కుడి మూలన గడియారం మీద ఒక్కసారి నొక్కితే తెలిసిపోయే సంగతి ఇది. దీన్ని వదిలేసి రూటర్ మార్చేవాళ్లు, యాంటీవైరస్ పీకేసేవాళ్లు ఎంతమందో. తేదీ, నెల మాత్రమే కాదు, సంవత్సరం కూడా చూడండి. ఏఎం, పీఎం చూడండి. టైమ్ జోన్ చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ ఉన్న ప్లస్ 5:30 అయ్యుండాలి.

సరిచేసినా మర్నాటికి మళ్లీ పాత తేదీకే వెళ్తోందంటే మదర్‌బోర్డు మీద సెల్ అయిపోయింది. రాత్రి షాపు మూసేటప్పుడు మెయిన్ ఆపేసే చోట ఇది త్వరగా అయిపోతుంది, ఎందుకంటే అంతసేపూ గడియారం ఆ సెల్ మీదే నడవాలి. సీఆర్2032, 3 వోల్టులది, గడియారాల షాపులో కూడా దొరుకుతుంది. మీటర్ పెట్టి 2.7 కంటే తక్కువ చూపిస్తే మార్చేయండి. మార్చాక బయోస్‌లోకి, అంటే విండోస్ మొదలయ్యే ముందు వచ్చే సెట్టింగుల తెరలోకి వెళ్లి తేదీతో పాటు హార్డ్ డిస్క్ మోడ్ ఐడీఈనా, ఏహెచ్‌సీఐనా అన్నది కూడా చూడండి. సెల్ తీసినప్పుడు అది మారిపోతే విండోస్ బూటే కాదు.

అసలు దొంగ: సంతకం గుర్తుపట్టని విండోస్

లక్షణాలు మూడు వేషాల్లో వస్తాయి, అందుకే ఇది దొరకదు. ఒకటి, విండోస్ అప్‌డేట్ 80072ఈఎఫ్ఈ అని చెప్పి ఆగిపోతుంది. నెట్ బాగానే ఉంటుంది, అందరూ నెట్‌నే తిట్టుకుంటారు. రెండు, డౌన్‌లోడ్ చేసి తెచ్చిన అప్‌డేట్ ఫైలు 80092004 అని తిరగ్గొడుతుంది. మూడోది ఇంకా మోసం: కొత్తగా కొన్న యూఎస్‌బీ-సీరియల్ కన్వర్టరో ప్రింటరో పెడితే డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు, లోపల కోడ్ 52. కన్వర్టర్ పాడైందని షాపుకు తిరిగి తీసుకెళ్తారు. దాని లోపం ఏమీ ఉండదు.

కారణం ఇది. ప్రతి అప్‌డేట్ ఫైలుకూ, ప్రతి డ్రైవర్‌కూ డిజిటల్ సంతకం ఉంటుంది. ముందు అది షా-1 పద్ధతిలో ఉండేది. 2019 ఆగస్టు నుంచి విండోస్ 7 అప్‌డేట్లను మైక్రోసాఫ్ట్ షా-2 సంతకంతో మాత్రమే ఇచ్చింది. 2020 ఆగస్టులో షా-1తో నడిచే అప్‌డేట్ సర్వర్లను కూడా మూసేసింది. పాత విండోస్ 7కు షా-2 చదవడం రాదు. చెక్‌పోస్టులో పాత సీలు మాత్రమే తెలిసినవాడు కొత్త సీలున్న సరుకు లారీని నిలిపేసినట్టు, మంచి ఫైలునే అనుమానించి బయటే ఆపేస్తుంది.

ఇక్కడే ఫార్మాట్ నష్టం చేస్తుంది. పాత డీవీడీ నుంచి విండోస్ 7 మళ్లీ ఎక్కిస్తే, ఎక్కేది షా-2 అసలే తెలియని విండోస్. ఫార్మాట్ ముందు సగం ప్యాచ్‌లతో ఉన్న మెషిన్ ఇప్పుడు ఏ ప్యాచూ లేకుండా, అదే 80072ఈఎఫ్ఈతో కూర్చుంటుంది. పైగా కాటా సాఫ్ట్‌వేర్ పోయింది, దాని సెట్టింగులు పోయాయి. జూన్‌లో తోతాపురి లారీలు వరసగా నిలబడ్డప్పుడు ఈ పని పెట్టుకుంటే ఎవరికీ అన్నం దిగదు. సీజన్‌కు ముందే చేయండి. చేసే ముందు కాటా సాఫ్ట్‌వేర్ ఫోల్డర్ మొత్తం, డేటాబేస్‌తో సహా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ తీయండి.

చేయాల్సింది వరసలోనే చేయాలి. రన్‌లో విన్‌వెర్ (winver) కొట్టి చూడండి. 7601, సర్వీస్ ప్యాక్ 1 అని ఉండాలి. 7600 ఉంటే ముందు సర్వీస్ ప్యాక్ 1, అంటే కేబీ 976932 ఎక్కించాలి (కేబీ అంటే మైక్రోసాఫ్ట్ ఒక్కో అప్‌డేట్‌కు ఇచ్చే నంబరు). అది లేకుండా కింద చెప్పేది ఏదీ ఎక్కదు, ఈ కంప్యూటర్‌కు ఇది వర్తించదు అని చెప్పి బయటికి వస్తుంది.

ఫైళ్లను మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ క్యాటలాగ్ నుంచి తెచ్చుకోవాలి. పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌తో ఆ సైటు మీద కుస్తీ పట్టొద్దు, వేరే కంప్యూటర్‌లో దించి పెన్‌డ్రైవ్‌లో తీసుకురండి. 64 బిట్ మెషిన్‌కు ఎక్స్64 అని రాసి ఉన్నదే తీసుకోవాలి. అదే జాబితాలో ఎంబెడెడ్ స్టాండర్డ్ 7, సర్వర్ 2008 ఆర్2 ఫైళ్లు కూడా పక్కపక్కనే ఉంటాయి. తొందరలో అవి దించుకుని, ఎక్కడం లేదని మళ్లీ మొదటికొస్తారు.

మొదటిది కేబీ 4490628. ఇది సర్వీసింగ్ స్టాక్, అంటే అప్‌డేట్లను ఎక్కించే యంత్రాంగమే. రెండోది కేబీ 4474419, షా-2 నేర్పేది. దీనికి మూడు విడతలు వచ్చాయి. 2019 సెప్టెంబరుది, ఫైలు పేరులో వీ3 అని ఉన్నది కావాలి. మొదటిది పెట్టేముందు ఎప్పటిదో రీస్టార్ట్ బాకీ ఉంటే అది తీర్చండి, లేకపోతే సర్వీసింగ్ స్టాక్ ఎక్కదు. రెండోదాని తర్వాత రీస్టార్ట్ తప్పనిసరి. షట్‌డౌన్ చేసి రేపు చూద్దాం అనుకోవద్దు, అప్పుడే రీస్టార్ట్ చేసి డెస్క్‌టాప్ వచ్చేదాకా కూర్చోండి.

ఫైలు మీద డబుల్ క్లిక్ చేశాక, ఈ కంప్యూటర్‌లో అప్‌డేట్ల కోసం వెతుకుతున్నాం అంటూ గంటసేపు ఆకుపచ్చ గీత తిరుగుతూనే ఉంటుంది. దీనికి భయపడక్కర్లేదు. నెట్ కేబుల్ తీసేయండి. సర్వీసెస్‌లో విండోస్ అప్‌డేట్‌ను స్టాప్ చేసి, వెంటనే ఫైలు మళ్లీ నొక్కండి. కొద్ది నిమిషాల్లో ఎక్కుతుంది.

కొత్తగా ఫార్మాట్ చేసిన మెషిన్ అయితే ఈ రెండింటితో 80072ఈఎఫ్ఈ పోకపోవచ్చు. అప్పుడు కేబీ 3138612 కూడా పెట్టండి, అది అప్‌డేట్లను వెతికే క్లయింట్. రెండు ఫైళ్లూ ఉండి కూడా 80092004 వస్తుంటే కేబీ 3133977 లేదన్నమాట. దాని వివరణలో బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే విండోస్ సదుపాయం) అని ఉంటుంది. మేం బిట్‌లాకర్ వాడం కదా అని చాలామంది వదిలేసేది దీన్నే. వాడకపోయినా కావాలి. ఆసుస్ బోర్డుల్లో మాత్రం ఇది ఎక్కాక సెక్యూర్ బూట్ (బూట్ అయ్యేటప్పుడు సంతకాలు చూసే కాపలా) అడ్డుపడితే, బయోస్‌లో ఓఎస్ టైప్‌ను అదర్ ఓఎస్‌కు మార్చండి.

ఎక్కాయో లేదో కంట్రోల్ ప్యానెల్‌లో ఎక్కిన అప్‌డేట్ల జాబితా తెరిచి, 4474419 అని వెతికి కళ్లతో చూసుకోండి. ఉంటే ఆ తిరగ్గొట్టిన కన్వర్టర్‌ను మళ్లీ పెట్టండి, పసుపు గుర్తు పోతుంది.

ఆ తర్వాత 2020 జనవరి మంత్లీ రోలప్, కేబీ 4534310. 2016 అక్టోబరు నుంచి వచ్చినవన్నీ ఇందులో కలిసే ఉంటాయి, వానాక్రై ప్యాచ్‌తో సహా. పక్కనే ఉండే 4534314 తీసుకోవద్దు, అది ఆ ఒక్క నెల సెక్యూరిటీ మాత్రమే. సీ డ్రైవ్‌లో 10 జీబీ ఖాళీ ఉంచండి. యూపీఎస్ లేకుండా మొదలుపెట్టొద్దు. మధ్యలో కరెంటు పోతే మార్పులు వెనక్కి తీసుకుంటున్నాం అన్న తెర ముందు పూట గడిచిపోతుంది. ఎక్కాక వాల్‌పేపర్ నల్లగా అయిపోతే కేబీ 4539602 పెట్టండి.

మిగతావి

వెతకడం పూటల తరబడి సాగి, ప్రాసెసర్ మండిపోతుంటే కేబీ 3172605 పెట్టండి. 80073712 వస్తే విండోస్ ఫైళ్ల గోదాం చెడింది, కేబీ 947821 నడిపి చూడండి. దానికీ లొంగకపోతే ముందు హార్డ్ డిస్క్‌ను అనుమానించండి. అప్‌డేట్ సర్వీసునే చంపేసే వైరస్ కూడా అరుదుగా ఉంటుంది. అలాంటి మెషిన్‌కు మాత్రం ఫార్మాట్ తప్పదు.

2020 జనవరి తర్వాత దొరికిన లోపాలు మూసేవాళ్లు లేరు, డబ్బు కట్టి తీసుకునే పొడిగింపు కూడా 2023 జనవరి 10తో అయిపోయింది. క్రోమ్ కూడా 109 దగ్గరే ఆగింది. కాబట్టి కాటా మెషిన్‌లో మెయిల్, బ్యాంకు పనులు పెట్టుకోవద్దు. రిమోట్ డెస్క్‌టాప్ ఆపేయండి, రూటర్‌లో 3389 పోర్టు తెరిచి ఉంటే మూసేయండి. వానాక్రై దూరిన దారి ఎస్ఎంబీ1, అంటే నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పాత పద్ధతి, దాన్నీ ఆపాలి. జిరాక్స్ షాపుల్లో ఇక్కడ ఒక చిక్కుంది: స్కాన్ చేసింది నేరుగా కంప్యూటర్ ఫోల్డర్‌లోకి పంపే పాత కాపియర్లు ఎస్ఎంబీ1 మీదే నడుస్తాయి. ఆపగానే స్కాన్ రావడం లేదని ఫోన్ వస్తుంది. మళ్లీ ఆన్ చేయొద్దు. కాపియర్‌లోనే పెన్‌డ్రైవ్‌కు స్కాన్ పెట్టించండి, లేదా ఫైళ్లు పంపే మరో పద్ధతి ఎఫ్‌టీపీకి మార్చండి.

ఎక్స్‌పీ మెషిన్ అయితే వానాక్రై కోసం 2017 మేలో ప్రత్యేకంగా ఇచ్చిన కేబీ 4012598 క్యాటలాగ్ నుంచి పెట్టి, నెట్ కేబుల్ పీకేయండి. కాటా తూకానికి నెట్ అక్కర్లేదు.