నొప్పి మాత్ర మోతాదు పెరిగిపోతోందా? వావిలాకు కాపడం ఇలా పెట్టండి, మాత్ర మాత్రం ఠక్కున ఆపకండి

మా అమ్మది పాత నడుము నొప్పి. మొదట్లో రాత్రికి ఒక్క ట్రమడాల్ వేసుకుంటే హాయిగా నిద్రపోయేది, ఏడాది తిరిగేసరికి రెండు వేసుకున్నా తెల్లవార్లూ అటూ ఇటూ దొర్లడమే. ఒళ్ళు మందుకి అలవాటు పడిపోయిందన్నమాట. ఇంతలో చుట్టాలొకరు "ఆ మాత్రలు పారెయ్యి, ఆకు పసరు వాడు" అన్నారు, ఈవిడ నిజంగానే పారేసింది. మర్నాటికి చెమటలు, ముక్కు కారడం, విరేచనాలు, ఒళ్ళంతా పీకులు. వైరల్ జ్వరమేమో అనుకున్నాం. తర్వాత డాక్టర్ చెబితే తెలిసింది, అది మాత్ర ఆపినందుకు ఒళ్ళు చేసే గొడవ అని.

అందుకే ముందే చెప్తున్నా, ట్రమడాల్, టాపెంటడాల్, మార్ఫిన్ లాంటి నల్లమందు తరహా నొప్పి మాత్రలు తగ్గించాలంటే రాసిచ్చిన డాక్టరే కొంచెం కొంచెంగా తగ్గించాలి, ఆకు పని ఆ తగ్గించే రోజుల్లో నొప్పిని కాస్త ఓర్చుకునేలా చేయడం వరకే. క్యాన్సర్ నొప్పి ఉన్నవాళ్ళకైతే తగ్గించమని ఇంట్లోవాళ్ళు ఒత్తిడే చేయొద్దు.

ఇక కాపడం. వావిలి చెట్టు చేల గట్ల మీద, కాలవల పక్కన దొరుకుతుంది, కాడకి వేలు చాపినట్టు ఐదు ఆకులు (ఒక్కోసారి మూడు), అడుగు వైపు తెల్లగా, నలిపితే ఘాటు వాసన. బాలింతలకి నీళ్ళలో మరిగించి పోసేది ఇదే. రెండు గుప్పిళ్ళ ఆకు కడిగి తడి ఆరనిచ్చి, పెనం మీద ఒక చెంచా ఆముదం వేసి సన్న సెగ మీద ఆకు వాడిపోయేదాకా వేయించండి. గుప్పెడు కల్లుప్పు కూడా వేస్తే వేడి ఎక్కువసేపు నిలుస్తుంది. పాత నూలు చీర ముక్కలో మూట కట్టి, ముందు మీ మణికట్టు లోపలి వైపు ఆనించి చూడండి, చురుక్కుమంటే ఆగండి. తర్వాత నొప్పి ఉన్నచోట అద్దుతూ, చల్లారితే మళ్ళీ పెనం మీద పెడుతూ, పది పదిహేను నిమిషాలు. పడుకునే ముందైతే మంచిది. షుగర్ ఉండి పాదాలు తిమ్మిరిగా ఉండేవాళ్ళకి వేడి తెలియదు, కాలి బొబ్బలొస్తాయి, వాళ్ళకి పాదాల మీద వద్దు. వాపు ఎర్రగా, వేడిగా ఉన్నా, జ్వరం ఉన్నా కాపడం కాదు, డాక్టర్ దగ్గరికే.

లోపలికి తీసుకునేవాటి విషయంలో నేను పిసినారిని. పెన్నేరు, అదే అశ్వగంధ, మార్ఫిన్‌కి ఒళ్ళు అలవాటు పడకుండా చూస్తుందని 1990లలోనే మన దేశంలో చిట్టెలుకల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది, కానీ చిట్టెలుక వేరు, మా అమ్మ వేరు. పైగా అది కూడా మత్తు తెస్తుంది, థైరాయిడ్ మందులతో పేచీ పెడుతుంది. పసుపు, అల్లం కూరలో ఉన్నంత వరకు ఇబ్బంది లేదు, చెంచాల లెక్కన పొడి మింగడం మాత్రం రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకి ప్రమాదం. సంతలో అమ్మే పేరులేని నల్ల గుళికలు అసలు ముట్టొద్దు, రెండు రోజుల్లో నొప్పి మాయమైతే అందులో స్టెరాయిడ్ కలిసిందేమోనని అనుమానించాలి. "మూలికే కదా" అంటారా, నల్లమందు కూడా గసగసాల మొక్క కాయ కారే పాలే.

ట్రమడాల్ లాంటి మాత్రలతో వచ్చే మలబద్ధకానికి మాత్రం సునాముఖి ఆకు పనికొస్తుంది, డాక్టర్లు రాసే విరేచనం మాత్రల్లోనూ కొన్నిటిలో ఉండేది అదే. ఎంత, ఎన్నాళ్ళు అన్నది అడిగి వాడండి.

మేం ఒక నోట్‌బుక్ పెట్టాం. తేదీ, మాత్ర ఎన్ని గంటలకి, కాపడం పెట్టామా, రాత్రి ఎన్నిసార్లు లేచింది, అంతే. డాక్టర్ అది చూసి రెండు మూడు వారాలకోసారి కొంచెం తగ్గిస్తూ వచ్చారు, ఒకసారి తగ్గించాక నొప్పి పెరిగితే అక్కడే ఆపి ఇంకో నెల ఉంచారు. ఇప్పుడు మళ్ళీ రాత్రికి ఒక్కటే.

మాత్ర వేసుకున్న మనిషి పిలిచినా పలకనంత మత్తుగా ఉన్నా, ఊపిరి బాగా నెమ్మదించినా ఆకులూ కషాయాలూ వెతక్కుండా వెంటనే 108కి ఫోన్ చేయండి. నిద్రమాత్ర గానీ, మద్యం గానీ కలిసిన రోజు ఈ ప్రమాదం మరీ ఎక్కువ.