భారతం ఆటలకు బయల్దేరే ముందు: సరిహద్దు ఊళ్లలో తిరిగే కళాకారులకు జాగ్రత్తలు

ఉగాది దాటిందంటే చిత్తూరు జిల్లా సరిహద్దు ఊళ్లలో భారతం మొదలవుతుంది. ద్రౌపదమ్మ గుడి ముందర పగలు హరికథ, రాత్రికి నాటకం. చాలా ఊళ్లలో ఇది 18 రోజుల ఉత్సవం. కుప్పం, పలమనేరు, గుడిపాల, నగరి చుట్టుపక్కలే కాదు, అటు తమిళనాడులో గుడియాత్తం, పళ్లిపట్టు, తిరుత్తణి, ఇటు కర్ణాటకలో ముళబాగిలు దాకా మన నాటక సమాజాలకు పిలుపు వస్తుంది. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి వెళ్లిపోయింది కానీ, ఆ పక్క ఊళ్లలో తెలుగు పద్యం వినేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మంచి గొంతున్న అర్జునుడికీ, నిలబడి మెప్పించే దుర్యోధనుడికీ ఈ మూడు నాలుగు నెలలు ఊపిరాడదు. ఈ రాత్రి ఒక రాష్ట్రంలో వేషం, రేపు రాత్రి ఇంకో రాష్ట్రంలో.

కొత్తగా సమాజాల్లో చేరుతున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ మొదట చెప్పాల్సింది నిద్ర గురించి. గొంతు పోవడం, బండి బోల్తా పడటం, తపస్సు మాను (అర్జునుడి వేషం కట్టినవాళ్లు ఎక్కే ఎత్తైన స్తంభం) మీద కాలు జారడం, తడి చేత్తో స్విచ్చి ముట్టుకోవడం... వీటిలో చాలావాటి వెనక రెండు మూడు రాత్రుల నిద్రలేమి ఉంటుంది. ఆట ఒప్పుకుని తాంబూలం పుచ్చుకునేటప్పుడే పగలు పడుకోవడానికి చోటు అడగండి. బడి గదైనా, కళ్యాణ మండపమైనా సరే, ఫ్యాను ఉండాలి, తలుపు వేసుకునే వీలుండాలి, మైకు హారన్లకు దూరంగా ఉండాలి. భోజనం గురించి గట్టిగా మాట్లాడుకుంటాం, పడక గురించి అడగడానికి మొహమాటపడతాం. భోజనం ఒక పూట తగ్గినా ఆట ఆడగలం. నిద్ర లేకపోతే ఆడలేం.

ఆట నిడివి కూడా అప్పుడే తేల్చుకోండి. చట్ట ప్రకారం బహిరంగ స్థలంలో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకు పెట్టకూడదు. పండగలకూ ఉత్సవాలకూ ఏడాదిలో 15 రోజులకు మించకుండా, అర్ధరాత్రి 12 దాకా రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వొచ్చు. తెల్లవార్లూ ఆడాలని కమిటీ పెద్దలు అడిగితే పోలీసు పర్మిషన్ కాగితం నకలు చూపించమనండి. వేషంలో ఉన్నవాడిని స్టేజీ దింపి స్టేషన్‌కు పిలిచిన రాత్రి ఊరి పెద్ద ఒక్కడూ పక్కన నిలబడడు. నన్నడిగితే ఎనిమిదికి తెర తీసి పన్నెండుకి మంగళం పాడటమే మేలు. రాగం కుదిస్తే పద్యం చెడిపోదు. పెద్ద గురువులు కొందరు దీనికి ఒప్పుకోరని తెలుసు. వాళ్ల కాలంలో తెల్లారాక నూరు కిలోమీటర్లు పరుగెత్తి మళ్లీ వేషం కట్టాల్సిన పని లేదు.

ఆ పరుగు దగ్గరే అసలు ప్రమాదం. తెల్లవారుజామున రెండు నుంచి ఆరు గంటల మధ్య మనిషికి నిద్ర ముంచుకొస్తుంది, ఎంత అలవాటున్న డ్రైవరుకైనా. పదిహేడు గంటలు ఏకబిగిన మేలుకున్న మనిషి చేతులూ కళ్లూ పనిచేసే తీరు, మన చట్టం ఒప్పుకునే పరిమితి (100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్) దాటి తాగినవాడి తీరుకు తీసిపోదు. రంగు కడిగేసి అదే మనిషి స్టీరింగ్ పట్టుకోకూడదు. డ్రైవరు ఆట చూడకుండా రాత్రంతా పడుకోవాలి, ఆ పని చూసుకునే బాధ్యత మేనేజరుది. మొగిలి ఘాట్ లాంటి మలుపుల రోడ్డు దారిలో ఉంటే తెల్లగా తెల్లారేదాకా కదలొద్దు. కిటికీ తీయడం, పాటలు పెట్టడం, టీ తాగడం నిద్రను ఆపవు. బండి రోడ్డు దిగి ఆపుకుని ఇరవై నిమిషాలు కళ్లు మూసుకోవడం కొంత ఆపుతుంది.

బండి సంగతి కూడా. తెరలు, పెట్టెలు వేసుకున్న గూడ్స్ ఆటోలో వాటి మీదే కూర్చుని వెళ్లడం మనలో మామూలైపోయింది. గూడ్స్ బండిలో మనుషులు ఎక్కితే ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ రావడం కష్టం. ఎల్లో బోర్డు బండైతే పక్క రాష్ట్రంలో తిరగడానికి పర్మిట్, టాక్సు ముందే కట్టి ఉండాలి. ఇంకొకటి, సరిహద్దు దాటేటప్పుడు వేషాల పెట్టెలో పక్క రాష్ట్రం మందు సీసా ఒక్కటి కూడా ఉండకూడదు. ఎవరో ఒకరు కిరీటం కింద దాచిన సీసాకి బండంతా ఆగిపోతుంది, ఆ రాత్రి ఆట పోతుంది.

ఇక తపస్సు మాను. అర్జునుడి వేషం కట్టేవాళ్లు ఈ భాగం రెండుసార్లు చదవండి. యాభై అరవై అడుగుల మాను ఎక్కుతూ, ఒక్కో మెట్టు దగ్గర పద్యం పాడుతూ, పైనుంచి నిమ్మకాయలూ విభూతీ విసరాలి. కింద సంతానం కోరుకునే ఆడవాళ్లు తడిబట్టలతో వరపడి (వరం కోసం నేల మీద సాగిలపడి) ఉంటారు. అంటే పడితే పోయేది ఒక ప్రాణమే కాకపోవచ్చు. మాను నాటిన రోజునే వెళ్లి చూడండి. పోయినేడాది వాడిన మానే మళ్లీ నాటారా, మాను మొదలు దగ్గర చెద పట్టిందా, మెట్లకు కొట్టిన చీలలు వదులయ్యాయా, గుంత ఎంత లోతు తీశారు, లాగి కట్టిన తాళ్లు ఎన్ని దిక్కులకు ఉన్నాయి, అన్నీ చూడాలి. ఎక్కబోయే మనిషి కన్నా బరువైన మనిషిని నాలుగు మెట్లు ఎక్కించి కదిపి చూడాలి. మాను కూలినా తగలనంత దూరంలో కరెంటు తీగలుండాలి. లేకపోతే ఆ పూట లైన్ ఆపించమని లైన్‌మన్‌ను అడగాలి.

బెల్టు కట్టుకుంటే భక్తి తగ్గుతుందని ఎవరైనా అంటే వినొద్దు. నడుముకు మాత్రమే చుట్టే బెల్టు చాలదు, పడినప్పుడు అదే నడుము విరగ్గొడుతుంది. భుజాలనూ తొడలనూ కలిపి పట్టే ఫుల్ బాడీ హార్నెస్ కావాలి, రెండు కొక్కేలతో. ఒకటి తీసి పై మెట్టుకు తగిలించేదాకా రెండోది పట్టుకుని ఉంటుంది. పంచె, ఉత్తరీయం కింద అది కనిపించదు. ఉపవాసం ఉండి, ఎండలో, గంటల తరబడి పాడితే కళ్లు తిరుగుతాయి. నోటికి ఏమీ పెట్టకూడదని నియమం ఉన్న ఊళ్లో కూడా బెల్లం పానకమో మజ్జిగో ఒప్పించుకోండి. వైశాఖంలో సాయంత్రానికి ఉన్నట్టుండి ఉరుము వస్తుంది. ఉరుము వినిపించిన క్షణంలో దిగిపోవాలి, పద్యం మిగిలినా సరే. ముందు రాత్రి నిద్ర లేని అర్జునుడు ఎక్కనే కూడదు. ఆ రాత్రి నాటకంలో అతనికి వేషం పెట్టకుండా ఇంకొకరిని సిద్ధం చేసుకోవడం సమాజం పని.

గొంతు సంగతి ప్రతి కళాకారుడికీ తెలిసిందే కాబట్టి ఎక్కువ చెప్పను. బొంగురు పోయిన రోజు హార్మోనిస్టుకు చెప్పి శ్రుతి ఒక మెట్టు దించుకోండి, అది అవమానం కాదు. గుసగుసగా మాట్లాడితే గొంతుకు విశ్రాంతి అనుకోకండి, దానికీ శ్రమే. మౌనంగా ఉండండి, ఆవిరి పట్టండి. గంటలో గొంతు తెప్పిస్తానని ఊళ్లో ఎవరైనా ఇంజెక్షన్ ఇవ్వబోతే అది స్టెరాయిడ్ కావచ్చు. గొంతు వచ్చినట్టే అనిపిస్తుంది, దెబ్బ తిన్న స్వరతంత్రుల మీద మళ్లీ అరిపిస్తుంది. మూడు వారాలు దాటినా బొంగురు తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాల్సిందే.

రంగుల్లో పాత సరుకు ఇంకా కొందరి పెట్టెల్లో ఉంది. అర్దళంలో ఆర్సెనిక్, ఇంగిలీకంలో పాదరసం, ఎర్ర సింధూరంలో సీసం ఉంటాయి. నెలల తరబడి రోజూ పూసుకుంటే ఒంట్లోకి చేరతాయి. పెదవులకూ కనురెప్పలకూ అసలు వాడకండి. కంపెనీ మేకప్ కొనుక్కోండి, రంగు ముఖంతో తినకండి, నిద్రపోకండి.

కరెంటు గురించి ఒకటే పట్టుదల ఉండాలి. కొక్కేలు వేసి లాగిన లైన్ మీద స్టేజీ నడపడానికి ఒప్పుకోబోమని చెప్పండి. జనరేటరు పెడితే ఎర్తింగ్ చేయించాలి, 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) బిగించాలి. చెమటతో తడిసి, చెప్పుల్లేకుండా, ఇనుప స్టాండు పట్టుకునేది మనమే. జనరేటరు పక్కన వెచ్చగా ఉందని ఎవరూ పడుకోకూడదు, దాని పొగ నిద్రలోనే చంపుతుంది. నైలాన్ జుట్టూ జరీ బట్టలూ నిప్పుకు అంటుకుంటే కరిగి చర్మానికి పట్టేస్తాయి, కాబట్టి అగ్నిగుండం దగ్గరికీ కర్పూరం హారతి దగ్గరికీ వేషంతో వెళ్లేవాళ్లు లోపల నూలు బట్టలు వేసుకోవాలి.

ఆట అయ్యాక నేల మీద వరసగా పడుకుంటాం. కట్లపాము రాత్రిపూటే తిరుగుతుంది, ఎక్కువగా నిద్రలో ఉన్నవాళ్లనే కరుస్తుంది, నొప్పి దాదాపు ఉండదు. తెల్లారి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం కనిపిస్తే ఎండదెబ్బ అనుకుని వదిలేయకండి. దోమతెర కట్టి అంచులు చాప కిందికి దోపితే చాలావరకు కాపాడుతుంది. కరిస్తే కోయొద్దు, కట్టు బిగించొద్దు, కాలు కదపకుండా ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి. మూడు రాష్ట్రాల్లోనూ 108 పలుకుతుంది. ఊరి పేరు, గుడి పేరు ఆ రాష్ట్రం భాషలో చెప్పగలిగే కమిటీ మనిషి నంబరు ప్రతి ఒక్కరి ఫోనులో ఉండాలి.

ద్రౌపది, సుభద్ర వేషాలు కట్టే చెల్లెళ్లకు విడిగా గది, లోపలి గడియ, మరుగుదొడ్డి ఉండాలి. ఇవి లేని ఊరికి సమాజం వెళ్లకూడదు. చదివింపుల నోటు ఎవరైనా ఆర్టిస్టు బట్టకు పిన్నుతో గుచ్చడానికి స్టేజీ ఎక్కితే, మేనేజరు అడ్డొచ్చి నోటు తనే తీసుకుని పేరు మైకులో చదవాలి. ఇది మొదటి రాత్రే ప్రకటిస్తే తర్వాత గొడవ రాదు. ఎదురుతిరిగి చెప్పాల్సిన పని ఆ అమ్మాయి మీద వేయకండి.

చివరగా బ్యాంకు పని. ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలు, 18 నుంచి 70 ఏళ్ల వాళ్లందరికీ. ప్రమాదంలో ప్రాణం పోతే ఇంట్లోవాళ్లకు 2 లక్షలు వస్తాయి. పాముకాటు, పైనుంచి పడటం లాంటివాటికి ఆసుపత్రి రికార్డు అడుగుతారు, అందుకని నాటువైద్యంతో ఆగిపోకండి. ఈ బీమా జూన్ 1 నుంచి మే 31 దాకా నడుస్తుంది. అంటే మన సీజన్ మధ్యలోనే గడువు అయిపోతుంది. మే నెలాఖరుకు ఖాతాలో ఆ 20 రూపాయలు లేకపోతే జూన్ ఆటలకు బీమా ఉండదు.